కొంగు ముడిలో ఉప్పు

నా మనవరాలు చదువుకునే హాస్టల్ గదిలో పొయ్యి పెట్టుకోనివ్వరట. కరెంటుది తెచ్చుకున్నా తీసేసుకుంటారట. అక్కడి కూరలు తినలేక పిల్ల సగమైపోయింది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు నోటుబుక్కు పట్టుకుని నా ముందు కూర్చుంది.

"అమ్మమ్మా, పొయ్యి ముట్టియ్యకుంట చేసేది ఏదన్న ఉంటే చెప్పు. రాసుకుంట."

"పచ్చిపులుసు చేసుకో. అన్నం వాళ్లు పెడ్తరు గద."

"ఎట్ల చెయ్యాలె?"

చెప్పాను. చింతపండు నిమ్మకాయంత తీసుకుని నీళ్లలో నానబెట్టాలి. ఉల్లిగడ్డ సన్నగా కోసి, రెండు పచ్చిమిరపకాయలు తుంపి, చిటికెడు జీలకర్ర, కొత్తిమీర వేసి చేత్తోనే నలపాలి. చింతపండు పిసికి ఆ పులుసు అందులో పోసి, నీళ్లు కలపాలి. చాలామంది మిరపకాయలను నిప్పు మీద కాల్చి వేస్తారు, పోపు పెడతారు. నాకు నేర్పిన మనిషి ఆ రెండూ చేసేది కాదు.

పిల్ల చకచకా రాసింది. రాసి, తల ఎత్తింది.

"ఉప్పెంత?"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్ల భయపడి కలం పక్కన పెట్టింది. అప్పుడు మొదలుపెట్టి ఇదంతా దానికి చెప్పాను. ఇప్పుడు మళ్లీ చెబుతున్నాను, మనవరాలే రాస్తోంది. నాకు సంతకం వరకే వచ్చు. నా గొంతు మిర్చి ఘాటుకు గీసుకుపోయి బొంగురుగా వస్తుంది, మాట తెలియకపోతే మళ్లీ అడగమన్నాను.

ఆమె నాకు అక్క. తోడబుట్టిన అక్క కాదు. వరంగల్‌లో మిర్చి గోదాములో పక్క పక్కన కూర్చుని ఇద్దరం ఏళ్ల తరబడి తొడిమెలు తీశాం. వాళ్లు చర్చికి పోయేవాళ్లు, మేము గుడికి పోయేవాళ్లం. ఆమె నన్ను చెల్లె అంటే నేను ఆమెను అక్క అనేదాన్ని, అంతే. పేరు పెట్టి పిలిచే అవసరం నాకు ఏనాడూ రాలేదు.

గోదాములో అందరం ముక్కుకు బట్ట కట్టుకుని కూర్చునేవాళ్లం. అక్క కట్టుకునేది కాదు. కట్టుకోమంటే, "బట్ట కడితే మాట్లాడుడెట్లనే" అనేది. రోజంతా దగ్గుతూనే మాట్లాడేది, మాట్లాడుతూనే దగ్గేది. కాళ్లకు ఎవరివో పెద్ద చెప్పులు, నడుస్తుంటే టపటపమని వినిపించేవి. కొంగు మూలన ఎప్పుడూ చిన్న ముడి ఉండేది. అందులో ఉప్పు.

నేను పనికి కొత్తగా చేరిన రోజు అన్నం మాత్రమే తెచ్చుకున్నాను. ఇంట్లో కూర లేదు. పగటి అన్నాలప్పుడు సద్ది డబ్బా మూత సగమే తీసి, చేయి అడ్డం పెట్టుకుని, కారప్పొడి అద్దుకుని తింటున్నాను. అక్క నా వైపు చూసినట్టే లేదు. కానీ ఉన్నట్టుండి గట్టిగా అడిగింది.

"ఉల్లిగడ్డ ఎవరితాన ఉంది?"

ఒకామె దగ్గర ఉంది. ఇంకొకామె కొంగులోంచి చింతపండు వచ్చింది. మిరపకాయలకు కొదువ లేదు, కుప్ప ముందరే ఉంది.

అక్క కుప్పలోంచి రెండు ఎండుకాయలు తీస్తుంటే మేస్త్రీ అన్నాడు, "ఏందమ్మా, మాల్ తింటానవా?"

"తొడిమెలు తీసి తీసి గోర్లు అరిగినయ్ అన్నా. గా రెండు కాయలు నా గోర్ల లెక్కల రాసుకో."

మేస్త్రీతో సహా అందరం నవ్వాం. గోదాములో అగ్గిపుల్ల గీయనివ్వరు, అన్నీ గోనెసంచులు. అందుకే ఆమె పచ్చిపులుసుకు నిప్పు ఉండేది కాదు. పెద్ద గిన్నెలో అందరిదీ కలిపి పిసికింది. తర్వాత నా దగ్గరకొచ్చి, "చెయ్యి చాపు" అన్నది. చాపాను. అరచేతిలో ఒక చుక్క వేసింది.

"ఏం తక్కువైందో చెప్పు."

నాకు సిగ్గేసింది. నాకితే ఉప్పు లేదు. "ఉప్పు" అన్నాను.

"నా నాలుక మొద్దువారింది చెల్లె, నువ్వే చెప్పాలె" అంటూ కొంగు ముడి విప్పింది. నేను చాలనే దాకా వేసింది. ఆ రోజు నా అన్నంలో కూర లేదని ఎవరికీ తెలియలేదు. ఎవరి అన్నంలోనూ కూర లేదన్నట్టే అందరం పచ్చిపులుసు పోసుకుని తిన్నాం.

తర్వాత కూడా రోజూ అంతే. రోజూ ఉప్పు వేయకుండానే చేసేది. రోజూ ఎవరో ఒకరి చేయి చాపించేది. ఏ రోజు ఎవరిని అడుగుతుందో చూస్తూ పోతే నాకు అర్థమైంది. ఆ రోజు ఎవరు మాట్లాడకుండా కూర్చున్నారో వాళ్లను అడిగేది. ఒకసారి పట్టుకున్నాను.

"అక్కా, నీ నాలుక మంచిగనే ఉంది. కావాలని ఉప్పు మరుస్తానవ్."

"మరి. ఊకె తిను తిను అంటే ఎవలు తింటరే. ఏం తక్కువైందంటే నాకుతరు. నాకినంక లేచిపోరు."

తినే ముందు ప్రార్థన చేసేది. కళ్లు మూసుకునేది కాదు. "ప్రభువుకు తెలుసు తియ్, కండ్లు మూస్తే మీరు ఉల్లిగడ్డ ముక్కలన్ని ఏరుకుంటరు" అనేది. రెండు మాటల్లో ముగించి ఆమెన్ అంటూనే చేయి గిన్నెలో పెట్టేది.

మా ఆయనకు కడుపులో నీరు చేరింది. దవాఖానలో కొన్నాళ్లు ఉంచుకుని ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మేము బయలుదేరేటప్పుడు డాక్టర్ నాతో, "ఏం తింటనంటే అది పెట్టు" అన్నాడు. ఆ మాట వినగానే పక్క మంచం వాళ్లు నన్ను చూసిన చూపు వేరుగా ఉంది. మా వైపు ఆ మాటకు అర్థం అందరికీ తెలుసు. ఇక పథ్యం అక్కర లేదంటే, ఇక ఆశ లేదని.

ఆయన తలకాయ కూర అడిగాడు. చేశాను. నాలుగు ముద్దలు తిన్నాడు, మంచిగుంది అన్నాడు. మూడో రోజు పొద్దున పోయాడు.

"ఆశ తీరింది, పోయిండు" అన్నారు వచ్చినవాళ్లు. నేను కూడా అదే అన్నాను. ఎవరు వచ్చి నా చేతులు పట్టుకున్నా అదే చెప్పాను. తలకాయ కూర అడిగిండు, పెట్టిన, ఆశ తీరింది, పోయిండు. అలా చెప్పుకుంటే కొంచెం నిమ్మళంగా ఉండేది. అక్క వచ్చినప్పుడు ఆమె బిడ్డ కూడా పక్కన ఉంది. నర్సంపేటకు పెళ్లి చేసి ఇచ్చిన కూతురు, అక్కకు ఒక్కతే. వాళ్లిద్దరికీ అదే చెప్పాను.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి ముట్టించం. చుట్టుపక్కల వాళ్లు, చుట్టాలు అన్నం తెచ్చిపెడతారు. తెచ్చింది తెచ్చినట్టే ఉంది. నేను రెండు రోజులు నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. పెట్టేవాళ్లు పెట్టి విసిగిపోయారు. అక్క నాతో తిను అనలేదు. లేచి సరాసరి మా వంటింట్లోకి పోయింది.

మా ఆడబిడ్డ అడ్డం వచ్చింది. "ఓ అమ్మా, పొయ్యి ముట్టియ్యద్దు."

"ముట్టియ్య తియ్ బిడ్డా. నా వంటకు నిప్పెందుకు."

గిన్నెల చప్పుడు వినిపించింది. చింతపండు ఎక్కడుందో, ఉల్లిగడ్డలు ఎక్కడున్నాయో ఒక్కమాట అడగకుండా వెతుక్కుంది. వచ్చి నా ముందు కింద కూర్చుని నా చేయి తనే లాగి తెరిచింది. చుక్క వేసింది.

"ఏం తక్కువైందో చెప్పు చెల్లె."

అలవాటు కొద్దీ నాకాను. నాకి, "ఉప్పు" అన్నాను. రెండు రోజుల్లో ఆ తలకాయ కూర మాట కాకుండా నేను అన్న మొదటి మాట అదే. అప్పుడు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆమె కలిపిన అన్నం తిన్నాను. ఆమె కూడా అదే పళ్లెంలో తిన్నది. మైల ఇంట్లో తింటానవా అని ఎవరో గొణిగితే, "నాకు లేదు గద మైల, నాకు ఆకలైతాంది" అన్నది.

ఇంత చేసిన మనిషికి నేను ఏం చేశానో ఇక చెప్పాలి.

కొన్నేళ్లకు అక్కకు కడుపునొప్పి మొదలైంది. మిర్చి ఘాటు అనుకుని చాలా రోజులు మజ్జిగ తాగి ఊరుకుంది. తర్వాత పెద్ద దవాఖానలో చేర్చాం. కడుపు కోశారు, చూశారు, మళ్లీ కుట్టేశారు. డాక్టర్ నన్నూ ఆమె బిడ్డనూ బయటికి పిలిచి మెల్లగా చెప్పాడు.

"ఇగ మా చేతుల ఏం లేదు. ఏం అడిగితే అది పెట్టండి."

బిడ్డ గోడ పట్టుకుని నిలబడింది. నేను ఏమీ వినలేదన్నట్టు లోపలికి పోయి అక్క దుప్పటి సరిచేశాను. ఆ క్షణంలోనే మనసులో ఒకటి గట్టిగా పట్టుకున్నాను. మా ఆయన అడిగింది పెట్టాను, పోయాడు. ఈమె ఏది అడిగినా పెట్టను. ఆశ తీరకపోతే ఎలా పోతుంది.

ఒకరోజు బిడ్డ, ఒకరోజు నేను దగ్గర ఉండేవాళ్లం. నా వంతు రోజున బార్లీ నీళ్లు, పాలలో నానబెట్టిన రొట్టె, ఉప్పు లేని జావ తీసుకుపోయేదాన్ని. పథ్యం అని పేరు పెట్టాను. ఆ పథ్యం ఎవరూ చెప్పలేదు, నేనే పెట్టాను.

ఒక పొద్దున అక్క అడిగింది. "చెల్లె, నోరంత చప్పగుంది. జర పచ్చిపులుసు చేసుకరారాదు."

"కుట్లు పచ్చిగున్నయక్కా. పులుపు తింటే చీము పడ్తది."

"డాక్టర్ అన్నడా?"

"అన్నడు."

అబద్ధం. ఆమె నా ముఖంలోకి చూసింది. ఇన్నేళ్లు పక్కన కూర్చుని తొడిమెలు తీసిన మనిషి, నా ముఖం ఆమెకు తెలుసు. మెల్లగా అన్నది.

"చింతపండు నీ ఇంట్ల ఉంది. ఉల్లిగడ్డలున్నయ్. ఉప్పు నా చీర కొంగుల్నే ఉంది. ఏం తక్కువైంది చెల్లె?"

ఆమె చీర మంచం కింద సంచిలో మడిచి ఉంది. ముడి అలాగే ఉంది.

"చింతపండు నానేతందుకు ఎంతసేపు పడ్తది" అన్నది మళ్లీ.

"మానినంక చేస్త అక్కా. గిన్నెడు చేస్త."

నా తర్వాతి వంతు రోజున ఆమె గొంతు ఇంకా తగ్గింది. దుప్పటి కిందనుంచి చేయి బయటికి తీసింది. అరచేయి పైకి తిప్పి నా ముందు పెట్టింది. మిర్చి పట్టి గోళ్ల చుట్టూ నల్లబడిన చేయి.

"ఒక్క చుక్క ఎయ్యి. మింగ తియ్. ఏం తక్కువైందో చెప్పి ఉమ్మేస్త."

నేను ఆ వేళ్లు ఒక్కొక్కటే మడిచాను. మడిచిన చేతిని మళ్లీ దుప్పటి కింద పెట్టాను. "కుట్లు మాననియ్యి" అన్నాను.

అక్క కోపం చేయలేదు. కోపం చేసినా బాగుండేది. నా వైపు చూసి, నన్నే ఊరుకోబెడుతున్నట్టు, "సరే తియ్. మానినంకనే" అన్నది. ఇప్పుడు అనిపిస్తుంది, ఆమెకు అంతా తెలుసని. డాక్టర్ ఏమన్నాడో తెలుసు, నేను ఎందుకు పెట్టడం లేదో కూడా తెలుసు. తెలిసి, నాకోసం ఆ అబద్ధం ఒప్పుకుంది. ఆ పూట జావ తాగింది. గిన్నె ఖాళీ చేసింది.

ఆ మరునాడు బిడ్డ వంతు. ఆ రోజే పోయింది.

సమాధి దగ్గర చర్చివాళ్లు పాటలు పాడుతున్నారు. బిడ్డ నా భుజం మీద తల పెట్టి అడిగింది.

"మా అమ్మ నిన్నేమన్న అడిగిందా చిన్నమ్మా?"

"ఏమడగలే బిడ్డా."

ఆమె తల దించుకుని మట్టి చూస్తూ నిలబడింది. చీర సంచి ఆమె చేతికి ఇచ్చాను. ముడి విప్పలేదు.

ఆ రోజు నుంచి నా ఇంట్లో పచ్చిపులుసు లేదు. ఎండాకాలం అందరూ అదే చేసుకుంటారు, నా కూతురు కూడా అడుగుతుంది. చింతపండు పడడం లేదని చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. కూర లేని రోజు కారప్పొడితోనే తిన్నాను.

మనవరాలు ఇదంతా విని, "నాకు చెప్తే ఏమొస్తది అమ్మమ్మా. ఆమె బిడ్డకు చెప్పు. ఆమెతోని గద అబద్ధమాడినవ్" అన్నది. చిన్న పిల్ల మాట అని కొట్టిపారేయలేకపోయాను. మరునాడే నర్సంపేట బస్సు ఎక్కాను.

బిడ్డ కుట్టుమిషను మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి వచ్చి సంచి అందుకుంది. "ఏంది చిన్నమ్మా, ఫోనన్న చెయ్యకపోతివి. పానం మంచిగున్నదా?"

"మంచిగనే ఉంది. కూసో బిడ్డా, నీకొక మాట చెప్పాలె."

నీళ్లు కూడా తాగకుండా చెప్పేశాను. పచ్చిపులుసు అడిగింది, రెండుసార్లు అడిగింది, చేయి చాపి అడిగింది, నేను పెట్టలేదు. డాక్టర్ వద్దన్నాడని అబద్ధమాడాను. నిన్ను కూడా మోసం చేశాను, ఏమీ అడగలేదన్నాను.

బిడ్డ మిషను చక్రం మీద చేయి పెట్టి దాన్ని అటూ ఇటూ తిప్పుతోంది. నేను తిట్టు కోసం ఎదురుచూస్తున్నాను.

"నన్ను గూడ అడిగింది చిన్నమ్మా."

"ఎన్నడు?"

"పోయే రోజు పొద్దున. నోరు చప్పగుంది, జర పచ్చిపులుసు పెట్టు బిడ్డా అన్నది."

"పెట్టినవా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"కుట్లు పచ్చిగున్నయనా?"

"కాదు." చక్రం ఆగింది. "చిన్నాయిన పోయిన నాడు నువ్వే అంటివి గద. తలకాయ కూర పెట్టిన, ఆశ తీరింది, పోయిండని. గది నా మనసుల పడ్డది. మా అమ్మ ఆశ తీరద్దు అనుకున్న. అందుకే నేను గూడ నీకు చెప్పలే. నువ్వు ఏమడగలే అన్ననాడు, నన్నొక్కదాన్నే అడిగిందనుకున్న. ఇన్నొద్దులు నేనొక్కదాన్నే పెట్టలేదనుకున్న."

బస్సులో పోయేటప్పుడు నాకు ఒక ఆశ ఉండేది. చెప్పేస్తే బరువు దిగుతుందని. ఆమె తిట్టినా దిగుతుంది, ఏడ్చినా దిగుతుంది. ఆమె చెప్పింది విన్నాక దిగే దారి లేదు. అక్కకు లేదన్నది ఇద్దరం. కానీ బిడ్డ చేత లేదనిపించింది నా మాట. నా మనసు నిమ్మళం కోసం వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్న మాట. ఎలా చూసినా అక్క చేతిని రెండుసార్లు మూసింది నేనే, ఒకసారి నా చేత్తో, ఒకసారి నా మాటతో.

ఆ మాట ఆమెతో అన్నాను. "నీ తప్పు లేదు బిడ్డా" అన్నాను. ఆమె లోపలికి పోయి, "తిని పోదువు" అంటూ పొయ్యి ముట్టించింది. వంటింటి గూట్లో చింతపండు డబ్బా ఉంది. బుట్టలో ఉల్లిగడ్డలున్నాయి. ఇద్దరం చూశాం. ఇద్దరిలో ఎవరమూ ఆ పేరెత్తలేదు. పప్పు చేసింది. ఎదురెదురుగా కూర్చుని తిన్నాం.

నేను బయలుదేరుతుంటే పెట్టె తెరిచి చీర చూపించింది. ఉతకలేదు. కొంగు ముడి అలాగే ఉంది. తడి తగిలి, ఆరి, లోపల ఉప్పు రాయిలా గట్టిపడింది. వేలితో నొక్కి చూశాను. మళ్లీ మడిచి పెట్టెలో పెట్టేసింది.

ఇప్పుడు ఉప్పు సంగతి. నోటుబుక్కులో ఆ ఒక్కచోట ఖాళీగా ఉందని మనవరాలు రోజూ గుర్తు చేస్తోంది. రేపు దాని ప్రయాణం. అక్కడ ఏమీ రాయకు బిడ్డా, అలాగే ఉంచు అన్నాను. హాస్టల్‌లో పక్క మంచం పిల్లను చేయి చాపమను. ఒక చుక్క వేసి ఏం తక్కువైందో అడుగు. ఆ పిల్ల చాలనే దాకా వెయ్యి.

పిల్ల ఇక్కడిదాకా రాసి, కలం మూత పెట్టింది. అరచేయి తెరిచి నా ముందుకు చాపింది.

లేచి చింతపండు నానబెట్టాను. తీరా చేశాక నా గొంతు దిగుతుందో లేదో తెలియదు. గిన్నె ముందర పెట్టుకుని కూర్చుని, కలం మళ్లీ తియ్యమని ఈ నాలుగు మాటలు రాయిస్తున్నాను. అక్క అన్నది నిజమే. నానడానికి ఎంతోసేపు పట్టలేదు.